అంటుకోకుండ ఆడలేని ఆట

ఆటలకు కులం లేదని చెప్పే పెద్దమనుషులను చానామందిని చూసిన. జెండా పండుగనాడు, మండల ఆటల పోటీలనాడు మైకు పట్టుకొని ఇదే మాట చెప్తరు. చెప్పి కిందికి దిగి, వేరే వేసిన కుర్చీల కూసొని, వేరే తెచ్చిన గ్లాసుల నీళ్ళు తాగుతరు. నేను సర్కారు బడి టీచర్‌ను గనక ఆ కుర్చీలు వేయించే పని, ఆ గ్లాసులు కడిగించే పని ఒక్కోసారి నా మీదనే పడ్తది. అందుకే ఈ మాట రాయాలనిపించింది. ఆటలకు కులం ఉంది. ఏ ఆటకు ఎంత ఉందో తెలుసుకోవాలంటే ఒక్కటే కొలత: ఆ ఆటల ఎదుటి మనిషిని ముట్టుకోవాల్నా, అక్కర లేదా?

మా ఊళ్ళె కబడ్డీ రెండు జాగలల్ల ఆడేటోళ్ళు. ఊరోళ్ళు గుడి ముందట, మావోళ్ళు వాడ పక్క కంచెల. కబడ్డీ అంటే కాలు పట్టాలె, నడుము పట్టాలె, మీద పడాలె. అందుకే రెండు జాగలు. క్రికెట్ వచ్చినంక మా వాడ పిలగాండ్లను పిలిచిన్రు, చెట్లల్ల పడ్డ బంతి తెచ్చేటందుకు. బంతికి అంటు లేదు గద. మనిషికే ఉంది.

నేను చెప్పబోయేది జూడో ముచ్చట. అంటుకోకుండ ఆడలేని ఆట అది. ఎదుటి మనిషి కాలరు ఒక చేత, చేతి అంగీ ఒక చేత గట్టిగ పట్టుకుంటె తప్ప ఆట మొదలే కాదు.

మాది పాత వరంగల్ జిల్లా. ఊరి పేరు రాయను. ఈ వ్యాసంల ఎవరి పేర్లూ రాయను. నా దోస్తులకు కాపురాలున్నయి, అత్తగారిండ్లున్నయి. మా తాత వెట్టి చేసిండు. నాయిన పదేండ్లు పటేలు దగ్గర జీతముండి, తర్వాత బియ్యం మిల్లుల హమాలీగ చేరిండు. అవ్వ నాట్లకు, కలుపులకు పోయేది. మా ఇంట్ల డిగ్రీ సర్టిఫికెట్ చూసిన మొదటి మనిషిని నేనే. 2001ల ఎనిమిదో తరగతికి పట్నంల సాంఘిక సంక్షేమ హాస్టల్‌ల చేరిన. ఆ ఏడే ఒకనాడు పీఈటీ మేడమొచ్చి, “సాయంత్రం స్టేడియంకు వచ్చి జూడో నేర్చుకునేటోళ్ళకు ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు ఇస్తరు” అన్నది. పదకొండుమందిమి లేచి నిలబడ్డం. జూడో అంటే ఏందో ఎవ్వరికీ తెల్వదు. గుడ్డంటే తెలుసు.

మూడు నెలలకు గుడ్లు బందైనయి. ఏడుగురు మానేసిన్రు. నేను మానలే.

సార్ రైల్వే కార్మికుడు. పొద్దంత కాజీపేటల డ్యూటీ చేసి, పొద్దుగూకంగ సైకిలు మీద వచ్చేటోడు. జీతం తీసుకొని నేర్పిన మనిషి కాదు. మొదటి నెలంత ఆయన మాకు పడుడే నేర్పిండు. ఉకెమి అంటరు దాన్ని. ఎనుకకు పడంగ గదుమ ఛాతికి ఆనియ్యాలె, తల నేలకు తగలొద్దు, చెయ్యి చాపి అరచేత్తోని చాప మీద చప్పున కొట్టాలె. దెబ్బ చెయ్యికి పోతది, పానానికి రాదు. పక్కకు పడుడు, ముందటికి దొర్లుడు, ఒకరి మీదికెల్లి దుంకి పడుడు. నెల తర్వాత ఊరికి పోయి అవ్వకు చెప్తె ఆమె నవ్వింది. “పడుడు నేర్చుకునేతందుకు పట్నం పోవాల్నా బిడ్డా? మనం పుట్టిన కాడికెల్లి పడుతనే ఉన్నం గద!” అన్నది. ఆ మాట సార్‌కు చెప్పిన. ఆయన నవ్వలే. “మీ అమ్మకు చెప్పు, ఇది లేచేతందుకు పడుడు” అన్నడు.

ఇంకో ముచ్చట. జూడోల మొదలుపెట్టే ముందు, అయిపోయినంక ఇద్దరూ ఒకరికొకరు వంగి దండం పెట్టుకోవాలె. దాన్ని జపాను మాటల ‘రే’ అంటరు. సార్ గట్టిగ “రే!” అని అరిచేటోడు. మొదటిసారి విన్ననాడు నా గుండె జల్లుమన్నది. మా నాయినను ఊళ్ళె పిలిచే పిలుపు అదే. పటేలు గల్మల నిలబడి “రేయ్” అంటె నాయిన రుమాలు తీసి నడుం వంచేది. వంగుడు మాకు కొత్త కాదు. కొత్త సంగతేందంటే, ఈడ ఎదుటి మనిషి కూడ వంగుతది. ఇద్దరూ వంగకపోతె ఆట మొదలుకాదు. ఒక్కరే వంగితె అది ఆట కాదు. ఆ మాట అప్పుడు ఇట్ల చెప్పరాలేదు గాని, నా నడుముకు మాత్రం ఆనాడే తెలిసింది.

సార్ మమ్మల్ని పేర్లతోని పిలిచేటోడు కాదు. తూకంతోని పిలిచేటోడు. నేను ‘నలభై నాలుగు’. తండా నుంచి వచ్చి గిరిజన హాస్టల్‌ల ఉండే పిల్ల ‘నలభై’. లారీ మెకానిక్ బిడ్డ, ముస్లింలామె, ‘అరవై మూడు’. పట్నంల పెద్ద దుకాణం ఉన్నోళ్ళ బిడ్డ, ప్రైవేటు బడిల చదివే పిల్ల, ‘యాభై రెండు’. ఊళ్ళె మమ్మల్ని కులంతోని పిలిచేది. హాస్టల్‌ల ప్లేటు నంబరుతోని పిలిచేది. కిలోలతోని పిలుస్తె నాకేం బాధనిపించలే. కిలోలు నేను తిన్న తిండివి, నేను చేసిన కష్టానివి. అవి నాయి.

మాకు జూడో చరిత్ర సారే చెప్పిండు. 1882ల జపాన్‌ల జిగోరో కానో అనే ఆయన, పాత జుజుత్సు పట్లల్ల పానం తీసేటియి పక్కన పెట్టి, ఈ ఆట తయారుచేసిండట. ఆయన చిన్నప్పుడు బక్కగ, పొట్టిగ ఉండేదట. బడిల బలమున్న పోరగాండ్లు కొట్టేదట. అందుకే నేర్చుకున్నడట. “నువ్వూ బాగుపడాలె, నీతోని ఆడేటోళ్ళూ బాగుపడాలె” అనేది ఈ ఆటకు ఆయన పెట్టిన నీతి. ఎందుకంటే ఒక్కదానివే ఉండి జూడో నేర్వలేవు. విసిరెయ్యడానికి ఒకరు కావాలె. ఆ ఒకరు నిన్ను నమ్మి పడాలె. రేపు నువ్వు ఆమె కోసం పడాలె.

నన్ను నమ్మి పడ్డ పిల్ల యాభై రెండు.

వాళ్ళింట్ల కోడిగుడ్డు కూడ గడప దాటదు. మా వాడ మనుషులను దగ్గరికెల్లి ఆ పిల్ల అప్పటిదాక చూసింది దుకాణం ముందట బస్తాలు దించంగనే. మొదటినాడు సార్ ఇద్దర్నీ ఎదురెదురు నిలబెట్టిండు. ఆమె నా కాలరు పట్టుకున్నది. నేను ఆమె కాలరు పట్టుకున్న. ఇద్దరి చేతులకూ చెమట. నా చేతులు గట్టిగ ఉంటయి, మోపులు మోసిన చేతులు. ఆమె “అబ్బ, గోర్లు తీసుకోవే” అన్నది. అంతే. అన్నేండ్లు నాకు నేర్పిన భయం, ఆమెకు నేర్పిన అసహ్యం, గోర్ల కాడికొచ్చి ఆగినయి. తెల్లారి ఆమే బ్లేడు తెచ్చి ఇచ్చింది.

సెయోయి నాగె అనే పట్టు నాకు తొందరగ వచ్చింది. ఎదుటి మనిషికి వీపు తిప్పి, కిందికి దిగి, ఆమెను వీపు మీదికి ఎత్తుకొని ముందటికి ఏసుడు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాయిన చూస్తుండంగ చెద్దరు మూటతోని చేసి చూపించిన. ఆయన కొంచెంసేపు చూసి, “ఇది బస్తా ఎత్తుకునుడే గద! మోకాళ్ళు ఇంక వంచు. బరువు నడుం మీద వెయ్యకు, కాళ్ళ మీద వెయ్యి. నడుం మీద వేస్తె నలభై ఏండ్లకే నా లెక్కయితవు” అన్నడు. నెల రోజుల నుంచి సార్ చెప్తున్నదీ అదే. మా నాయిన ఒంట్ల ఉన్న విద్యను ఈ దేశం కూలి అన్నది. అదే విద్యకు వేరే దేశంల తెల్లబట్టలు తొడిగి, పేరు పెట్టి, ఒలింపిక్స్‌ల మెడల్ ఇస్తున్నరు. 1964 నుంచి మగోళ్ళకు, 1992 నుంచి ఆడోళ్ళకు.

జూడో అంగీలు స్టేడియంల నాలుగే ఉండేటియి. మేం వచ్చే ముందటి బ్యాచ్ విడిచిపోయిన చెమట అంగీ మేం తొడుక్కునేది. మందపు బట్ట, తొందరగ ఆరదు. నేను విడిచింది యాభై రెండు, యాభై రెండు విడిచింది నలభై, ఇట్ల తిరిగేది. ఏడాది గడిచినంక ఈ సంగతి యాభై రెండు వాళ్ళమ్మకు తెలిసింది. ఎవరెవరు వస్తున్నరో, ఏ హాస్టలోళ్ళో కూడ తెలిసింది. వారం దినాల్ల ఆ పిల్లకు కొత్త అంగీ వచ్చింది, ఢిల్లీ నుంచి తెప్పించిన్రట. ఆమె దాన్ని సంచిల పెట్టుకొని వచ్చేది, సంచిలనే పెట్టుకొని పోయేది. ప్రాక్టీసుకు మాత్రం ఆ నాలుగింట్లదే తొడిగేది. “కొత్తది గరుకున్నది” అనేది. మేం అడగలే. ఆమె చెప్పలే. దోస్తానంల కొన్ని ఇట్లనే నడుస్తయి.

2003 చివర్ల జిల్లా, ఆ వెంటనే రాష్ట్రం. స్కూల్ గేమ్స్‌ల మా నలుగురికీ జాతీయ పోటీలకు పిలుపొచ్చింది. పంజాబ్‌ల ఒక పట్నం, జనవరి నెల. రైల్వే కన్సెషన్ ఫారాల మీద సంతకాలకు సార్ నాలుగు రోజులు తిరిగిండు. మా అవ్వ నాట్ల కూలి ముందుగాల తెచ్చి రెండు వందలిచ్చింది, నాయిన మిల్లుల తోటి హమాలీల దగ్గర ఒక ఉన్ని కోటు అడుక్కొచ్చిండు. మోకాళ్ళ దాక వచ్చేది ఆ కోటు.

కాజీపేటల అర్ధరాత్రి దాటినంక దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినం. నేను అంతకుముందు రైలెక్కలే. నలభై కూడ ఎక్కలే. తెల్లారేసరికి బల్లార్షా. స్టేషన్ బోర్డు మీద తెలుగు లేదు. కిటికీకి ముక్కు ఆనిచ్చి కూసున్నం. నాగపూర్ల బండి ఆగితె నారింజలు కొన్నం. ఆ ఊరు అంటే నారింజలని మాత్రమే పుస్తకంల చదివిన. 1956 అక్టోబర్ 14న అంబేద్కర్ లక్షలమందితోని బౌద్ధం తీసుకున్న ఊరు అదేనని మా సాంఘికశాస్త్రం పుస్తకంల నాకు కనిపించలే. టీచర్‌నయినంక దీక్షాభూమికి పోయిన. పోయినప్పుడు అదే ప్లాట్‌ఫారం మీద దిగి, పద్నాలుగేండ్ల పిల్ల నారింజ తొక్కలు కిటికీల నుంచి పారేసింది ఈడనేనేమో అనుకున్న.

తిండి కాడ అసలు ముచ్చట. నలభై జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం తెచ్చింది. యాభై రెండుది పులిహోర, మూడు గిన్నెల క్యారేజీ. అరవై మూడు వాళ్ళమ్మ కీమా వండి పంపింది. మా అవ్వ ఎండు తునకలు వేయించి కాగితంల చుట్టి, దాని మీద గుడ్డ, గుడ్డ మీద ఇంకో గుడ్డ కట్టి, సంచి అడుగున పెట్టింది. “ఎవ్వలు లేనప్పుడు తిను” అని చెప్పింది. రైల్ల ఎవ్వలు లేకుండ ఎప్పుడుంటది? పొద్దంత ముట్టలే. ఇటార్సి దాటినంక అరవై మూడు సంచి జరుపుతుంటె వాసనొచ్చింది. “ఏ! బడేకా సూఖా గోష్! దాచిపెట్టుకున్నవా?” అని లాగింది. నాకు చెవులు ఎర్రబడ్డయి. యాభై రెండు దిక్కు చూసిన. ఆమెకు తెలిసింది అదేందో. అరవై మూడు, నేను తిన్నం. నలభై ఒక తునక తీసుకొని నమిలింది, “గట్టిగుంది, దవడ నొస్తది” అన్నది. యాభై రెండు తినలే. తినమని నేనూ అనలే. కాని లేచి ఇంకో సీటుకు పోలే. ముక్కు మూసుకోలే. ఆమె మోకాలు నా మోకాలుకు తగులుతనే ఉంది. కొంచెంసేపటికి తన క్యారేజీల ఉల్లిగడ్డ తీసి కోసి మా కాగితం మీద పెట్టింది. నా బతుకుల ఎవరైన నాకు ఇచ్చిన గౌరవం లెక్క రాయమంటె ఆ ఉల్లిగడ్డ ముక్కలు మొదటి వరసల రాస్త.

నిజాముద్దీన్‌ల దిగి, బస్సెక్కి, చలికి పండ్లు టకటక కొట్టుకుంట ఆ పట్నం చేరినం. ఒక బడిల తరగతి గదులల్ల వరిగడ్డి పరిచి మీద జంఖానాలు వేసిన్రు. నలుగురం రెండు చెద్దర్లు కలిపి కప్పుకొని పండుకున్నం. మా ఊళ్ళె అయితే ఆ నలుగురు నాలుగు దిక్కుల ఉంటరు. చలి మమ్మల్ని ఒక్క చెద్దరు కిందికి తెచ్చింది.

తెల్లారి తూకాలు. నేను కాంటా ఎక్కితె 43న్నర. ఆడ నిలబడ్డప్పుడు మనసుల ఒక ఆలోచన మొదలైంది, ఇప్పటికీ దాన్ని మా పిల్లలకు చెప్తుంట. జూడోల 44 కిలోల పిల్లను 70 కిలోల పిల్లతోని ఆడియ్యరు. ఆడిచ్చి, ఓడిపోయినంక “దీనికి మెరిట్ లేదు” అనరు. 44ల గెలిచిన మెడల్‌ను చూసి “ఇది రిజర్వేషన్ మెడల్” అని ఎవ్వరూ అనరు. తూకం చూసి ఆడిచ్చుడే న్యాయమని ప్రపంచమంత ఒప్పుకున్నది. మరి తరతరాలుగ భూమి, చదువు, తిండి మీద ఉన్నోళ్ళను, తరతరాలుగ ఇవేవీ లేనోళ్ళను ఒక్క పరీక్షల ఎదురెదురు నిలబెట్టి, అదే సమానత్వమని ఎట్ల చెప్తరు? డీఎస్సీ రాసి నేను టీచర్‌నైనంక స్టాఫ్ రూంల ఒకాయన “మీ కోటాల ఎన్ని మార్కులకు వచ్చిందమ్మా?” అని అడిగితె, నేను జూడో తూకాల పట్టిక బోర్డు మీద రాసి చూపించిన. ఆయన చాయ తాగి పోయిండు. జవాబు చెప్పలే.

మొదటి ఆట మధ్యప్రదేశ్ పిల్లతోని. నిమిషం కాకముందే నా వీపు మీద ఆమె బరువు తెలిసింది. మోకాళ్ళు వంచిన. నాయిన చెప్పినట్టు బరువు కాళ్ళ మీద వేసిన. ఆమె వీపు చాపకు తగిలిన చప్పుడుతోనే రెఫరీ చెయ్యి పైకి లేపి “ఇప్పాన్” అన్నడు. అంటే ఆట అయిపోయినట్టే. ఆనాటి లెక్కల ఇప్పాన్ కింద వజారి, యూకో, కోకా అని చిన్న పాయింట్లుండేటియి. కోకా అంటే మాకు నవ్వు. “ఆమె నా మీద ఒక కోకా కొట్టింది” అని నలభై అంటె “చీర గుంజుకున్నదా ఏందే!” అని అరవై మూడు పడిపడి నవ్వేది. 2009 నుంచి ఆ కోకా లేదు.

ఆ ఆటల నా అంగీ చంక కాడ చినిగి, కాలరు దాక వచ్చింది. స్టేడియం నాలుగింట్ల పాతదానికి పాతది అది. చినిగిన అంగీతోని రెండో ఆటకు రానియ్యరు. సార్ అటిటు ఉరికిండు. అప్పటికే యాభై రెండు తన మొదటి ఆటల ఓడిపోయి గోడకు కూసొని ఏడుస్తున్నది. నన్ను చూసి లేచింది. తన కొత్త అంగీ విప్పి నా భుజాల మీద వేసింది. ఆ చలిల ఒక్క తెల్ల టీషర్ట్ మీద నిలబడి నా బెల్టు తనే కట్టింది. “చేతులు పొడుగైనయి, పట్టు దొరికియ్యకు” అన్నది.

రెండో ఆట మణిపూర్ పిల్లతోని. ఆమె పట్టు ఎట్లుంటదంటే, పట్టుకున్నదాక తెల్వదు, పట్టుకున్నంక ఇడువదు. మూడు నిమిషాలు నిలబడ్డ. తర్వాత నన్ను కిందేసి మెడ కింద చెయ్యి పెట్టి అదిమింది. అప్పట్ల 25 సెకన్లు అదిమి పెడితె ఇప్పాన్, ఇప్పుడు 20. గోడ కాడ నుంచి యాభై రెండు “లే, లే, లేవే” అని అరిచిన అరుపు నాకు ఆ 25 సెకన్లూ వినబడ్డది. లేవలేకపోయిన. అరవై మూడుకు కంచు మెడల్ వచ్చింది. నలుగురం ఒకరి తర్వాత ఒకరం దాన్ని మెడల వేసుకున్నం.

మణిపూర్ పిల్ల సాయంత్రం చాయ గ్లాసు పట్టుకొని మా గదికి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు, మాకు మణిపురి రాదు, నలుగురికీ కలిపి అరవై మూడు హిందీ ఒక్కటే దిక్కు. బజారుకు పోతె పోరగాండ్లు “చీనీ, చీనీ” అని ఎంట పడుతున్నరని చెప్పింది. అప్పుడు నాకు, నలభైకి ఏదో తెలిసిన చుట్టం దొరికినట్టయింది. ఈ దేశంల సొంత దేశమోళ్ళు కానోళ్ళు మేమొక్కళ్ళమే కాదన్నట్టు.

ఆఖరి నాడు సార్ గురుద్వారాకు తీసుకపోయిండు. లంగర్‌ల అందరూ ఒక్క వరసల కింద కూసున్నం. రొట్టె వేసే ఆయన రెండు చేతులు చాపమన్నడు. ఎవ్వరూ నా కులం అడగలే. ఇంత పెద్ద ఊరంత ఒక్క బంతిల తింటరా అని నోరు తెరిచి చూసిన. పెద్దయినంక చదివితె ఇంకో సంగతి తెలిసింది. 2011 జనాభా లెక్కల్ల పంజాబ్ జనంల దాదాపు 32 శాతం ఎస్సీలు. దేశంల ఏ రాష్ట్రంలనూ అంత శాతం లేరు. అయినా ఆ రాష్ట్రంల చానా పల్లెలల్ల దళితులకు గురుద్వారా వేరే, కాలబెట్టే జాగ వేరే. ఒక్క బంతిల కూసొని లేచినంత మాత్రాన కులం పోదు. కలిసి తింటె కులం చావదని అంబేద్కర్ 1936లనే ‘కుల నిర్మూలన’ల రాసిండు. ఆ మాట నేను పుస్తకంల చదవకముందే, పంజాబ్ నుంచి తిరిగొచ్చిన వారానికే, నా ఒంటి మీద చదువుకున్న.

ఎట్లనంటే, యాభై రెండు అంగీ నా సంచిల ఉండిపోయింది. హాస్టల్‌ల రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికి, ఆరబెట్టి, వార్డెన్ మేడం ఇస్త్రీపెట్టె అడుక్కొని ఇస్త్రీ చేసిన. ఆ పిల్ల ప్రాక్టీసుకు వస్తలేదు. ఆదివారం నలభైని తోడు తీసుకొని వాళ్ళింటికి పోయిన. గేటు కాడనే వాళ్ళమ్మ వచ్చింది. మంచిగ నవ్వింది. “మంచిగ ఆడినవట గద బిడ్డా” అన్నది. అంగీ ముందట పెట్టిన. ఆమె చెయ్యి చాపలే. “నువ్వే ఉంచుకో బిడ్డా. నీకు పనికొస్తది” అన్నది.

తిట్టలే. కసరలే. నవ్వుకుంటనే అన్నది. తిడితె ఏం చెయ్యాల్నో మాకు తెలుసు, తరాల నుంచి అలవాటే. నవ్వుకుంట “ఉంచుకో” అంటె ఏం చెయ్యాలె? అది ఇచ్చుడా, ఇడిచిపెట్టుడా? నేను తొడిగిన గనక పనికిరాదనా, నాకు లేదు గనక పనికొస్తదనా? పదిహేనేండ్లు కూడ నిండని పిల్లను, రెండు చేతుల మీద ఇస్త్రీ మడత చెదరకుండ అంగీ పట్టుకొని గేటు బయట నిలబడ్డ. నలభై నా మోచెయ్యి పట్టి ఇవుతలికి గుంజింది. తొవ్వల ఒక్క మాట మాట్లాడలే. హాస్టల్ గేటు కాడ మాత్రం, “నువ్వు తీసుకున్నవు, అడుక్కోలేదు” అన్నది. ఆ తేడా అర్థం చేసుకొనుడు నాకు చానా ఏండ్లు పట్టింది.

పది పరీక్షల పేరు చెప్పి యాభై రెండును జూడో మానిపించిన్రు. తర్వాత హైదరాబాద్‌ల కాలేజీ, పెండ్లి. కార్డులు రాసేది, ఫోన్లు వచ్చినంక ఫోన్ చేసేది. 2012 డీఎస్సీల నాకు ఉద్యోగమొస్తె నాకంటె ముందు ఏడ్చింది. నలభై ఇప్పుడు పోలీస్ కానిస్టేబుల్. అరవై మూడు సర్కారు దవాఖానల నర్సు. అవ్వ పోయిననాడు ముగ్గురూ వచ్చిన్రు. యాభై రెండు మా వాడల, మా ఇంటి అరుగు మీద, ముగ్గుబుట్టల పక్కన రాత్రంత కూసున్నది. ఇంత దగ్గరయినా ఆ అంగీ మాట మా ఇద్దరి నడుమ రాలే. నేను అడగలే. ఆమె చెప్పలే.

2022 ఆగస్టుల మణిపూర్‌కు చెందిన లింథోయ్ చనంబం సరజెవోల జరిగిన ప్రపంచ క్యాడెట్ జూడో పోటీలల్ల 57 కిలోల విభాగంల బంగారు మెడల్ కొట్టింది. ఏ వయసు విభాగంలనైనా జూడోల ప్రపంచ చాంపియన్ అయిన మొదటి భారతీయురాలు ఆ పదహారేండ్ల పిల్ల. ఆ రాత్రి యాభై రెండు ఫోన్ చేసింది. “చూసినవా? మన మణిపూర్ పిల్ల యాదికొచ్చింది” అన్నది. గంట మాట్లాడుకున్నం, నవ్వుకున్నం. అప్పుడు అడిగిన.

“మీ అమ్మ ఆ అంగీ ఎందుకు ఉంచుకోమన్నదే?”

చానాసేపు ఏం మాట్లాడలే. ఫోన్ కట్టయిందనుకున్న.

“నువ్వెప్పుడు అడుగుతవోనని పద్దెనిమిదేండ్ల సంది భయపడుతున్న” అన్నది. “నువ్వు అనుకున్నదే. ఆ వారమంత ఇంట్ల లొల్లి. నేను అదే తొడుగుత అన్న. అది గడపలకొస్తె నేను బయటికి పోత అన్నది అమ్మ. నువ్వు గేటు కాడికొచ్చిననాడు నేను మేడ మీద గదిల ఉన్న. బయట గొళ్ళెం పెట్టిన్రు.”

నాకు కోపమొస్తదనుకున్న. రాలే. ఏడుపూ రాలే. ఇన్నేండ్లు ఆమె తలుపు అవుతల నిలబడి ఉందని తెలిసింది. మా కథలల్ల ఎప్పుడూ గేటు బయట నిలబడ్డోళ్ళమే ఉంటం. లోపల గొళ్ళెం పడ్డోళ్ళు కూడ ఉంటరు. వాళ్ళ బాధ, మా అవమానం ఒక్కటి కాదు. వాళ్ళ గొళ్ళెం పెట్టేది కన్నతల్లి, మా గేటు మూసేది ఊరంత. ఆ తేడా ఆమెకూ తెలుసు. తెలుసు గనకనే “క్షమించు” అనే చౌక మాట అనలే. “వచ్చే నెల అమ్మ నా దగ్గరికి వస్తది. నువ్వూ రా. ఆమె ముందట అడుగు” అన్నది. పోయిన. అడిగిన. ముసలామె తల దించుకున్నది. “అప్పుడు గట్లనే ఉండె బిడ్డా” అన్నది. అంతకంటె ఆమె దగ్గర లేదు. అంత మాత్రానికే నేను పోయింది వట్టిగ పోలేదు. అడిగినోళ్ళం మేమిద్దరం ఒక దిక్కు కూసొని అడిగినం.

చదువుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు ఒక మాట. ముట్టుకున్నంత మాత్రాన కులం పోదు. ఒక్క కంచంల తిన్నా పోదు, ఒక్క చెద్దరు కింద పండుకున్నా పోదు. కాని ముట్టుకున్న చేతులకే తర్వాత ఒకనాడు అడిగే ధైర్యం వస్తది. ముట్టుకోనోళ్ళ నడుమ అడుగుడు కూడ ఉండదు, మీటింగులల్ల ఉపన్యాసాలే ఉంటయి.

ఇప్పుడు నేను పనిచేసే బడిల, సాయంత్రాలు ఆడపిల్లలకు జూడో నేర్పుతున్న. చాపలు లేవు. వరిగడ్డి మందంగ పరిచి, మీద టార్పాలిన్ కట్టినం. జూడో అంగీ ఒక్కటే ఉంది, ఆ అంగీయే. మోచేతుల కాడ రెండుసార్లు మాసికలు వేసిన. పట్టు ఎట్ల పట్టాల్నో నేర్చుకునే పిల్ల దాన్ని తొడుగుతది, విడిచి ఇంకో పిల్లకు ఇస్తది. మా వాడోళ్ళు, తండావోళ్ళు, బీసీలు, పటేండ్ల పిల్లలు, అందరి చెమటా దాంట్లనే ఉంది.

పోయినేడు ఒక పిల్ల తండ్రి బడికొచ్చిండు. “టీచరమ్మా, ఆ అంగీ అందరు తొడుగుతున్నరట గద. మా పిల్లకు నేను వేరే కొనిస్త” అన్నడు. చానా మర్యాదగ అన్నడు.

“కొనియ్యండి పటేలా. అది కూడ ఈ సంచిలనే ఉంటది, అందరూ తొడుగుతరు” అన్న.

ఆయన పిల్లను తీసుకొని పోయిండు. నాలుగు రోజులు ఆ పిల్ల రాలే. అయిదో రోజు తనే వచ్చింది. సంచిల నుంచి ఆ అంగీ తీసి తొడిగింది. బెల్టు కట్టరాకపోతె మా వాడ పిల్ల కట్టింది. ఇద్దరూ ఎదురెదురు నిలబడ్డరు. ఇద్దరూ వంగిన్రు.

“హజిమే” అన్న. అంటే, మొదలుపెట్టుండ్రి అని.